పిల్లికళ్ళు

అల్లుడూ,

ఈసారి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, దెయ్యం వేషానికి తెచ్చిన ఆ పిల్లికళ్ళ లెన్సులు నీకన్నా ముందు ఇంకొకరు పెట్టుకున్నారని చెప్పు. ఎవరని అడిగితే, మా నాటకాలకి మేకప్ వేసే మా మేనమామ అని చెప్పు.

నీకు తెలుసుగా, గమ్మయినా రంగయినా ముందు నా చెంపకు రాసుకుని, మండదని తేలాకే మీకు రాస్తాను. అదే తెలివి లెన్సుల మీదా చూపించాను. నీకు గుచ్చుకోకూడదని ముందు నా కంట్లో పెట్టుకుని చూశాను. అప్పటికే నా కన్ను ఎర్రగా ఉంది. పౌడరు పడిందనుకున్నాను, కళ్ళకలక అని తర్వాత తెలిసింది. తీసి, కుళాయి నీళ్ళతో కడిగి నీకిచ్చాను. రెండు రోజులకి నీ కళ్ళూ ఎర్రబడ్డాయి.

"చేతులు కడుక్కునే అలవాటే లేదా నీకు?" అని డాక్టరు నిన్ను కసురుతుంటే, పక్కనే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డాను. మీ అమ్మకి ఫోన్‌లో "దుమ్ము పడిందంతే" అన్నాను. నిజం తెలిస్తే మందు మారుస్తారేమో, ఆలస్యం చెయ్యకు. మీ అమ్మకి నేనే చెప్తాను.

నిన్న నీ బదులు వేషం కట్టినవాడికి మీసం అతికించబోతే, గమ్ముతో చెయ్యి అలవాటుగా నా చెంప మీదికే వెళ్ళింది. ఆపేసుకున్నాను.

"అదేంటి మామా, నాకు మాత్రం చూసి పెట్టవా?" అన్నాడు.

మీ మామయ్య