మీ అన్నయ్యని బస్సులో రమ్మను

డెస్మండ్,

వచ్చే ఆదివారం మీ ఇంటికి భోజనానికి మీ అన్నయ్యని బస్సులోనే రమ్మని గట్టిగా చెప్పు. పొలం దారిన వద్దు. మొన్న నువ్వు నవ్వుతూ, "భయపడ్డావా అన్నయ్యా? మనమే నడవకపోతే ఆ దారి మూసేస్తారు" అన్నావు. ఆ మాట ఆయన తలకెక్కి కూర్చుంది.

ఆవులు ఈనాయని తెలియక పోయినవారం మేమిద్దరం టాఫీని వెంటబెట్టుకుని ఆ పొలంలో అడుగుపెట్టాం. టాఫీ చూస్తే బెత్తెడుంటుంది. అయినా కుక్క కుక్కే కదా, దూడల తల్లులన్నీ మా మీదికొచ్చాయి. మన నేల సంగతి తెలిసిందే, ఎక్కడానికి ఒక్క చెట్టు లేదు. ఆవులు తరిమితే కుక్కను వదిలెయ్యాలని ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. ఆయన వదిలారు. మంద టాఫీ వెంటపడింది, మేం కాలవలోకి దూకి బతికాం.

టాఫీ చీకటిపడ్డాక కుంటుకుంటూ ఇల్లు చేరింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని మీ అన్నయ్య, "ఇంకెప్పుడూ నిన్ను వదల్నురా" అన్నారు. అప్పట్నుంచీ నాకు ఆ మాటంటేనే భయం.

ఇందాక పేపరు తెస్తానని టాఫీతో బయల్దేరారు. నేను మేడమీద కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఇక్కణ్ణుంచి మీ చర్చి గోపురం దాకా అంతా కనిపిస్తుంది. పేపరు కొట్టు ఇటు, ఆయన పోతున్నది అటు.

పొలం నడిమధ్యకి వెళ్లిపోయారు. పడుకున్న ఆవులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఆయన ఆగారు, వంగారు. గొలుసు విప్పుతున్నారనుకున్నాను.

కాదు డెస్మండ్, టాఫీని ఎత్తుకున్నారు.