మన బండి మైలేజీ పెరిగింది

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున బండి కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి మిమ్మల్ని అడిగింది. మీరు లేరని చెబితే, "మీ పికప్ వ్యాను మీద తృప్తిగానే ఉన్నారా అండీ? మైలేజీ ఎంత ఇస్తోంది?" అంది.

లీటరుకు పన్నెండు ఇచ్చేది, ఈ ఏడాది పద్నాలుగు ఇస్తోందన్నాను.

"పాతబడే కొద్దీ పెరగడమేంటండీ?" అంది.

చల్లపల్లి నుంచి పటమటకు చేపలు తీసుకెళ్లేటప్పుడు, నేను చీర కట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చేదాకా మీరు వాకిట్లో ఇంజన్ ఆపకుండా కూర్చునేవారు. డీజిల్ తగలేస్తున్నారని రోజూ సణిగేదాన్ని. "ఈ చప్పుడు లేకపోతే నువ్వు తెమలవు" అనేవారు.

ఇప్పుడు బండి నడిపే మీ తమ్ముడు, నేనెక్కి కూర్చున్నాకే తాళం తిప్పుతాడు.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. తృప్తిగానే ఉన్నామని రాసుకోమన్నాను.