రోడ్డు పక్కన మూడు గంటలు

అత్తయ్యగారికి నమస్కారాలు. నేను క్షేమంగానే ఉన్నాను. ఈ సంగతి వేరేవాళ్ల నోట వినకముందే నేనే రాస్తున్నాను.

మొన్న మధ్యాహ్నం లారీ నడుపుతుండగానే కునుకు పట్టింది. ఉలిక్కిపడి చూస్తే ముందు చక్రం రోడ్డు దిగుతోంది. ఎలాగో తిప్పుకుని, పక్కన ఆపి, మూడు గంటలు నిద్రపోయాను. ఆలస్యంగా గోదాముకు చేరితే సూపర్‌వైజరు గడియారం చూపించాడు. "ఇప్పుడే ఇంకో లోడు తీసుకెళ్లు. లేదంటే ఈ రూటు వేరేవాళ్లకి ఇచ్చేస్తా" అన్నాడు. "ఇచ్చేయండి సార్. ఒళ్లెరగకుండా నిద్రపోయి లేచాకే బండి తీస్తాను" అని తాళాలు ఆయన బల్ల మీద పెట్టాను. అక్కడి నుంచి కదల్లేదు. ఆయన కాసేపు గొణిగి, లోడు మర్నాడు ఉదయానికి మార్చి రాశాడు. రూటు ప్రస్తుతానికి నాదే. ఇకమీదట ఎవరు తొందరపెట్టినా నా జవాబు ఇదే.

మీ కంటి చుక్కల మందు అయిపోయిందా? వంటింటి కుళాయి బాగుచేయించమని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. నా ఉన్ని కోటు ఎండలో వేయండి. ఏ రోజు వస్తానని పాప అడిగితే రోజు మాత్రం చెప్పకండి. అమ్మ తప్పకుండా వస్తుందని చెప్పండి.

మీ దీవెన కోరే
కోడలు