ముడి దాటిన బోర్డు

చిరంజీవి చిన్నాకి,

పిన్ని దీవెనలు. నేను క్షేమం, నా కుట్టుమిషనూ క్షేమం. ఫోను చేస్తే నువ్వు మీ బోర్డుల కొట్టు మిషన్ల చప్పుడులో "ఊ, ఊ" అని పెట్టేస్తావు. ఉత్తరానికైతే ఊకొట్టి తప్పించుకోలేవని రాస్తున్నాను.

నా కొట్టుకి కొత్త బోర్డు కావాలి. పాతదాని మీద అక్షరాలు ఎండకి పూర్తిగా వెలిసిపోయాయి. మొన్న ఒకావిడ సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి, ఈ వీధిలో బట్టలు కుట్టేవాళ్ళెవరైనా ఉన్నారా అని నన్నే అడిగింది. నా మెడలో టేపు వేలాడుతోంది, చేతిలో కత్తెర ఉంది. ఇంకేం చెప్పను.

మీ అమ్మ పెట్టిన షరతు నీకు తెలిసే ఉంటుంది. ఈ వానలు వెలిసేలోగా గిరాకీ పుంజుకోకపోతే కొట్టు మూసేసి వచ్చి మీ ఇంట్లో ఉండాలట. అక్క ప్రేమకొద్దీ అంటోంది, కాదనను. కానీ పెళ్ళీ గిళ్ళీ వద్దనుకుని కత్తెర పట్టినదాన్ని, మీ ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఏం చేయను? తలుచుకుంటేనే భయమేస్తోంది. కాబట్టి బోర్డు గట్టిది కావాలి, వెలవనిది కావాలి. "ఇచ్చట అన్ని రకాల బట్టలు కుట్టబడును" అని ఒకటే వరుసలో రావాలి. పొడవుకి కొలత దారం ఇందులో పెట్టాను. దారం మధ్యలో ఒక ముడి ఉంటుంది, అది నా గుర్తు, నువ్వు పట్టించుకోకు.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. పక్క కొట్టు గొడుగులాయన బోర్డు కంటే మనది నాలుగు వేళ్ళు ఎత్తులో ఉండాలి. బాగు చేసిన గొడుగులన్నీ నా గుమ్మంలోనే ఆరబెడతాడు. ఆరిన గొడుగు ఒక్కటీ నేను చూడలేదు.

*

పిన్నికి,

నమస్కారాలు. దారం అందింది. కవరులోంచి దారం రావడం మా కొట్టులో ఇదే మొదలు.

ముందు కొంచెం పాఠం విను. అక్షరాలు కత్తిరించే వినైల్ ఫిల్ములో, అంటే ప్లాస్టిక్ పొరలో, రెండు రకాలున్నాయి. ఒకటి రోలర్ల మధ్య నొక్కి సాగదీసింది. మందంగా ఉంటుంది, చవక. కానీ సాగదీసింది కాబట్టి ఎండ తగిలేకొద్దీ మళ్ళీ కుంచించుకుపోతుంది, అంచులు లేస్తాయి. ఇందులో పెట్టిన నీలం ముక్క అదే. రెండోది పోత రకం, అంటే ద్రవంలా పోసి ఆరబెట్టి తీసింది. పల్చగా ఉంటుంది, ఖరీదెక్కువ, కానీ ఏళ్ళు గడిచినా కదలదు. ఎర్ర ముక్క అది.

ఇక ఫిల్ము అతికించే వెనక పలక. ఫోమ్ షీటు తేలిక, కానీ ఎండలో వంగుతుంది. యాక్రిలిక్ అద్దంలా మెరుస్తుంది, మీ వీధి పిల్లల బంతి తగిలిందంటే పగులుతుంది. ఏసీపీ షీటంటే రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర. వంగదు, తుప్పు పట్టదు. అన్నింటిలోంచీ ఒక్కో ముక్క పంపుతున్నాను. చేత్తో చూసి నీకేది నచ్చిందో రాయి.

ఇట్లు,
చిన్నా

తా.క. ఫిల్ము ముక్కల వెనక ఒక కాగితం ఉంటుంది. దాని జోలికి పోకు.

*

చిరంజీవి చిన్నాకి,

దీవెనలు. నీ ముక్కలు అందాయి. నచ్చిందో లేదో చూడ్డానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కత్తెర పెట్టేముందు ఏ గుడ్డనైనా నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. కుంచించుకుపోయే బుద్ధి ఉంటే ముందే బయటపడుతుంది. నీ ఫిల్ములకీ అదే మర్యాద చేశాను.

రెండూ నానేసరికి వెనక అస్తరు ఊడిపోయింది. ఎవరు అతికారో గానీ పనితనం బొత్తిగా లేదు. నీ తా.క. గుర్తుంది, నేను దాని జోలికి పోలేదు, అదే ఊడొచ్చింది. ఇస్త్రీపెట్టె ఆనగానే నీలం ముక్క ముడుచుకుని పెట్టెకి అంటుకుంది, చాకుతో గీకాను. ఎర్రది అంటుకోలేదు. సంతోషించి గట్టిగా రెండుసార్లు రుద్దాను. తీరా చూస్తే అది కింద ఉన్న చొక్కాకి అంటుకుంది.

ఆ చొక్కా గొడుగులాయనది. గుండీలు కుట్టమని ఇచ్చాడు, తెల్ల చొక్కా. సరిగ్గా గుండె మీద, జేబు ఉండాల్సిన చోట ఎర్రటి చదరం. పీకితే చొక్కా చిరిగేలా ఉంది గానీ అది రాదు. చొక్కా ఇచ్చేటప్పుడు తలెత్తలేకపోయాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "జేబు కూడా కుట్టారా, నేను చెప్పలేదే" అని పట్టుకెళ్ళిపోయాడు.

ఎర్ర ఫిల్మే కావాలి. పలక ఏసీపీయే పెట్టు. ఫోమ్ ముక్క మాత్రం తిరిగివ్వను, గుండుసూదులు గుచ్చుకోవడానికి భలే ఉంది.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. ఆయన రోజూ ఆ చొక్కాయే వేసుకొస్తున్నాడు. నన్ను సాధించడానికే అనుకుంటాను.

*

పిన్నికి,

నమస్కారాలు. ఫిల్ముని ఇస్త్రీ చేసిన మొదటి కస్టమరువి నువ్వే. ఆ కాగితం అస్తరు కాదు పిన్నీ, అతికించేదాకా జిగురుని కాపాడే కాగితం. ఇక ముందు మా ఊళ్ళోంచి ఏది వచ్చినా తడపకు.

బోర్డు తయారైంది. తెల్ల ఏసీపీ మీద ఎర్ర పోత ఫిల్ము, మెరుపు లేని రకం, వీధి దీపం పడ్డా అక్షరాలు కళ్ళకి కొట్టవు. లారీలో వేశాను. అక్కడి బిగించేవాళ్ళకీ చెప్పాను, వాళ్ళే వచ్చి ఎత్తుతారు.

ఇట్లు,
చిన్నా

తా.క. అమ్మ నీకోసం గది ఖాళీ చేయించింది. కిటికీకి పూల తెర కూడా కొంది. నాకు మాత్రం నీ బోర్డే గెలవాలని ఉంది. ఈ మాట అమ్మ దాకా వెళ్ళనివ్వకు.

*

చిన్నాకి,

దీవెనలు తరవాత. ముందు ఇది చెప్పు. నేను కొట్టుకి బోర్డు అడిగానా, వీధికి అడిగానా?

బిగించేవాళ్ళు వచ్చారు, నేను టీ తేవడానికి వెళ్ళాను, వచ్చేసరికి బిగించేసి నిచ్చెన భుజాన వేసుకున్నారు. బోర్డు నా గోడ దాటి గొడుగులాయన కొట్టు మీదికి పాకింది. ఆయన బోర్డు దాని వెనక పూర్తిగా మునిగిపోయింది. అంతటితో పోతే బాగుండును. ఇప్పుడు నా గుమ్మం మీద "ఇచ్చట అన్ని రకాల" అని ఉంది. ఆయన గుమ్మం మీద "బట్టలు కుట్టబడును" అని ఉంది.

జనం నన్ను చూసి, అన్ని రకాల ఏమిటో అర్థంకాక, పక్కకెళ్ళి ఆయనకి బట్టలిస్తున్నారు. ఆయన వద్దనకుండా తీసుకుంటున్నాడు. నాకు గిరాకీ వచ్చింది చిన్నా, కానీ పక్కింటికి వచ్చింది. మీ అమ్మ తెర కొన్నది ఊరికే పోయేలా లేదు. కోపం కంటే ఏడుపొస్తోంది.

వెంటనే వచ్చి దాన్ని కత్తిరించు.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. గోడ ముడి దాకానే. ముడి తరవాత ఉన్నది వదులు. దర్జీ కొలతలో వదులుంటుందని వేరే చెప్పాలా?

*

పిన్నికి,

నమస్కారాలు. ముడిని పట్టించుకోవద్దని నువ్వే రాశావు. ఉత్తరం దాచాను. దారం మొత్తం గోడ అనుకున్నాను. మామూలుగా జనం కొలత తక్కువ ఇస్తారని నేను కొంత కలిపాను. నేను కలపడం మర్చిపోతానని మా మేస్త్రీ ఇంకొంత కలిపాడు.

కత్తిరిస్తే నీకు "ఇచ్చట అన్ని రకాల" మాత్రమే మిగులుతుంది. అందుకని కొత్తది చేసి నేనే తెస్తాను, ఖర్చు నాది. అందాకా ఆయనతో గొడవ పడకు. అయినా ఆ వదులు మరీ ఎక్కువ పిన్నీ. అంత ఎందుకు వదిలావు?

ఇట్లు,
చిన్నా

తా.క. ఆయనకి మంచి చొక్కా ఒకటి తెస్తాను. కొలత దారం మాత్రం పంపకు.

*

చిరంజీవి చిన్నాకి,

నిండు మనసుతో దీవెనలు. కొత్త బోర్డు చేయకు.

నీ ఉత్తరం అందేలోపే గొడవకి వెళ్ళాను. ఏం అనాలో మనసులో వరసగా పెట్టుకుని మరీ వెళ్ళాను. ఆయన బల్ల మీద జనం ఇచ్చిన బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి. ప్రతిదానికీ ఒక చీటీ గుచ్చి ఉంది. "చేతులు పొట్టి చేయాలి", "నడుము వదులు చేయాలి, మనిషి లావెక్కాడు". ఆయన గొంతు సవరించుకుని, "మీ దగ్గరికే తెస్తున్నాను. కొలతలు పక్క కొట్లో మేడమ్ తీస్తారని అందరికీ చెప్పాను" అన్నాడు. కూర్చుని టీ తాగి వచ్చాను.

తరవాత బట్టలు ఎక్కువయ్యాయి. వీధిలోంచి చుట్టు తిరిగి రావడం ఎందుకని మధ్య చెక్క గోడకి తలుపు పెట్టించాం. ఇప్పుడు బోర్డు రెండు కొట్లకీ అతికినట్టు సరిపోయింది. మీ అమ్మతో చెప్పు, నేను రావడం లేదు. ఆ పూల తెర మాత్రం పంపమను, మధ్య తలుపుకి కావాలి.

నువ్వు వచ్చేటప్పుడు అదే ఎర్ర ఫిల్ము తీసుకురా. బోర్డు కింది అంచున "గొడుగులు కూడా బాగుచేయబడును" అని అతికించాలి. ఆయన అడగలేదు, నాకే బాగోలేదు.

అంత వదులు ఎందుకని అడిగావు. ఎదిగే పిల్లల బట్టలకి వదులుతామే, అలాగే. కొట్టు ఎదుగుతుందేమోనని ఆశపడ్డాను. ఈ వయసులో అలా రాస్తే నవ్వుతావని ముడి వేసి ఊరుకున్నాను.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. నిన్న మేమిద్దరం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చాం. మీ అమ్మని మంచం మీద కూర్చోబెట్టాక చెప్పు. ఇక ఆయన్ని బాబాయి అనాలి. నువ్వు చొక్కా తెస్తావని చెప్పాను గానీ, ఆయన ఆ ఎర్ర జేబు చొక్కాయే వేసుకుని సంతకం పెట్టాడు. ఇన్ని ఉతుకులయ్యాయా, రంగు వెలవలేదు, ఒక్క అంచూ లేవలేదు. పోత రకమే మంచిది చిన్నా, ఎవరడిగినా అదే చెప్పు.