ఇరవై అయిదో సంతకం గురించి

హార్లో కౌంటీ క్లర్కు శ్రీ రోజర్ టిబెట్స్ గారి సముఖమునకు,
తమ కార్యాలయంలోనే, కిటికీ పక్క బల్ల మీద కూర్చుని, శుక్రవారం మధ్యాహ్నం మూడుంబావుకు మొదలుపెట్టి వ్రాసినది.

అయ్యా,

విషయం: పాఠశాల బోర్డు అయిదో స్థానానికి నా నామినేషను – ఒక సంతకం కొట్టివేత – దానిని తిరిగి బ్రతికించవలెనని – మనవి.

మిల్లర్స్ బెండ్ కాపురస్తుడు, ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపి విరమించిన వెండెల్ క్రూగర్, వయసు డెబ్బై ఆరు, విన్నవించుకొనునది.

1. బోర్డుకు పోటీ చేయువాడు ఇరవై అయిదుగురు ఓటర్ల సంతకాలు తేవలెను. గడువు నేటి సాయంత్రం అయిదు గంటలు. నేను రెండింటికే ఇరవై అయిదు తెచ్చి ఇచ్చాను. తమరు లెక్కించి చివరి దాని మీద ఎర్రగీత పెట్టారు. సంతకం చేసిన మనిషి అదే స్థానానికి మరొక అభ్యర్థి కాగితం మీద ముందే సంతకం చేసినాడనీ, ఒక ఓటరుకు ఒకే సంతకమనీ సెలవిచ్చారు. నిజమే. ఆ సంతకం చేసినది డేల్ ఆస్ట్రాండర్. ఆ మరొక అభ్యర్థి కూడా డేల్ ఆస్ట్రాండరే.

2. బోర్డులో అయిదుగురు. మన ఊరి చిన్నబడిని మూసి, పిల్లలను ముప్పై ఎనిమిది మైళ్ళ దూరంలోని కార్ల్‌టన్ బడికి పంపాలని ఇద్దరూ, వద్దని ఇద్దరూ ఉన్నారు. అయిదో వాడు డేల్. మూయాలంటాడు. అతనికి పోటీ లేకపోతే ఆ స్థానానికి ఎన్నికే ఉండదు, వచ్చే జూన్‌లో బడికి తాళం పడుతుంది.

కార్ల్‌టన్ రోడ్డు నాకు తెలుసు. బడి పైకప్పు బాగుచేయించిన ఏడాది, చలికాలమంతా చిన్నపిల్లలను ఆ రోడ్డు మీద తీసుకుపోయింది నేనే. ఎనిమిదో మైలు దగ్గర ఏడుపులు, పదిహేనో మైలు దగ్గర వాంతులు. ఇరవై దాటాక అందరూ మౌనం. నాకు భయం వేసేది ఆ మౌనానికే. ఒకరోజు మంచులో రెండు గంటలు ఇరుక్కుపోయాం. ముందు సీట్లో ట్రూడీ అనే రెండో తరగతి పిల్ల, "మిస్టర్ క్రూగర్, మనమిప్పుడు బడిలో ఉన్నట్టా, ఇంట్లో ఉన్నట్టా?" అని అడిగింది. ఆ బస్సులో పిల్లల కోసం కాచుకుని కూర్చుంటూ నేను చదవని చరిత్ర లేదు, తత్త్వవేత్తలనైతే రెండేసిసార్లు చదివాను. ఆ పిల్లకు చెప్పదగిన జవాబు ఎక్కడా కనిపించలేదు.

3. సంతకాల సేకరణలో కలిగిన ఇబ్బందులు. నలభై ఏళ్ళుగా మన వారపత్రికకు నేను ఉత్తరాలు రాస్తున్నానని తమరెరుగుదురు. ఊళ్ళో ఎవరి గురించి రాయలేదో వారి దగ్గరికే పోదామని మొదట జాబితా వేసుకున్నాను. అందులో ముగ్గురే తేలారు. ఇద్దరు ఈమధ్యనే వచ్చినవాళ్ళు.

కాబట్టి మిగతావారి తలుపులు తట్టక తప్పింది కాదు. పాస్టరు గారు సంతకం చేశారు కానీ, దానికి ముందుగా ఆదివారం ప్రసంగమంతా నాకు వినిపించారు. ఆయన ప్రసంగాల నిడివి మీద నేను రాసినది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఇనుప సామాన్ల కొట్టు వెర్నా స్టల్ట్స్, ఆమె అమ్మే మంచుపారలు మంచు చూడగానే వంగిపోతాయన్న నా పాత ఉత్తరాన్ని ఇప్పటికీ గోడకు అతికించి ఉంచుకుంది. "పైకి చదువు, అందరూ వినాలి. అప్పుడు పెడతాను," అంది. చదివాను. బాగా రాశాను, ఒక్క మాట కూడా మార్చనక్కరలేదు. ఆ ముక్కా ఆమెకు చెప్పాను. అందుకని రెండోసారి చదివించింది. తొమ్మిది మంది తలుపు తియ్యలేదు. మా వదిన తీసింది. "నువ్వు గెలిస్తే నెలకోసారి బోర్డువాళ్ళు నీ మాటలు వింటారు. ఓడిపోతే రోజూ నేను వినాలి. అందుకు పెడుతున్నా," అని పెట్టింది.

4. ఇరవై నాలుగయ్యాయి. ఒంటిగంటకు కెఫేలోకి పోతే, మూల బల్ల దగ్గర డేల్ ఒక్కడే చెర్రీ పళ్ళ కేకు తింటున్నాడు. పొలాలకు నీటిగొట్టాలమ్మే మనిషి, తొమ్మిదేళ్ళుగా బోర్డు అధ్యక్షుడు. అతని మీద నేను పదకొండు ఉత్తరాలు రాశాను. కడపటి దానిలో ఖాళీ రేకు ధాన్యపు గాదెతో పోల్చాను: పెద్దది, మెరుస్తుంది, తడితే మోగుతుంది.

"ఇంకెన్ని కావాలి, వెండెల్?" అన్నాడు.

"ఒకటి."

"ఇటివ్వు."

"నేను పోటీ చేసేది నీ మీదేనయ్యా."

"తెలుసులే. పోయినసారి పోటీ లేకుండా గెలిచి ఇంటికెళ్తే, మా ఆవిడ జోన్ 'ఎవర్ని ఓడించొచ్చావు, కుర్చీనా?' అంది. నాలుగేళ్ళ నుంచీ అంటూనే ఉంది. ఇటివ్వు."

ఇది కుట్ర అని తమరు అనుమానించవచ్చు. నేనూ అనుమానించాను. కానీ కుట్ర చెయ్యాలంటే నిబంధనలు చదివి ఉండాలి. కనుక ఆ అనుమానాన్ని ఉపసంహరించుకున్నాను.

5. డేల్ కాగితం మీద అరవై ఒక్క సంతకాలున్నాయి. అందులోంచి తన పేరు కొట్టివేయించుకుని నా కాగితం మీదనే ఉంచుకోవడానికి అతను సమ్మతించాడు. ప్రస్తుతం నా పక్కనే కూర్చుని ఆ సంగతి రాసి ఇస్తున్నాడు. అభ్యర్థి తన కాగితం మీంచి తన పేరే తీసేసుకునేందుకు ఫారంలో గడి లేదని తమరన్నారు. గడి లేదని బడి మూస్తారా? గడి నేను గీస్తాను. స్కేలు తమ బల్ల మీదే ఉంది.

కావున పై ఎర్రగీతను రద్దుపరచి, నన్ను కూడా ఓడిపోనివ్వవలెనని, ఓడిపోయే హక్కైనా నాకు మిగల్చవలెనని వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను, గోడ గడియారమును కూడా చిత్తగించవలెను.

ఈ ఒక్క విషయమునకు మాత్రమే,
తమ విధేయుడు,
వెండెల్ క్రూగర్

తా.క. నాలుగూ నలభై. డేల్ ఈ అర్జీని నా భుజం మీంచి చదివాడు. గాదె సంగతి మళ్ళీ ఎత్తడం అన్యాయమన్నాడు, తక్కినదానికి అభ్యంతరం లేదన్నాడు. తర్వాత నా సంతకాల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మరి నీదేది?" అన్నాడు. మర్యాదగా పెరిగిన మనిషి తనను తాను బలపరచుకోడని చెప్పాను. అతను తమవైపు చూశాడు. తమరు నిబంధనల పుస్తకం తెరిచి, పద్నాలుగో పేజీ మీద వేలు పెట్టి, అభ్యర్థి కూడా ఓటరేనని సెలవిచ్చారు. ఈ మాట రెండు గంటలప్పుడే చెప్పి ఉండవచ్చును. నేను అడగలేదు గనుక చెప్పలేదన్నారు. దీని మీద పత్రికకు వేరుగా రాస్తాను.

అర్జీని వెనక్కు తీసుకుంటున్నాను. మూడో పేరా మాత్రం ఫైలులో ఉంచగలరు.

ఊరంతా తిరిగి నేను అడగకుండా వదిలేసిన మనిషి ఒక్కడేనన్నమాట. అతనితో నాకు మొదటి నుంచీ పడదు. అయినా అడిగాను. చాలాసేపు ఆలోచించి పెట్టాడు. డెబ్బై ఆరేళ్ళ చేతిరాత, కొంచెం వంకరపోయింది. రిజిస్టరులోని సంతకంతో పోల్చేటప్పుడు దయ ఉంచగలరు.