బాధ్యుడు లేని డయాలసిస్ గది

అయ్యా,

విషయం: బ్లాక్‌చెయిన్ మీద నడిచే మా వికేంద్రీకృత సంస్థను చట్టప్రకారం గుర్తించి, మా డయాలసిస్ గదికి వేసిన సీలు తీయించుట గురించి.

తాళాలు బాగుచేసి బతికే నేను తమ సముఖమునకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మూత్రపిండాలు పాడైన పద్నాలుగు మంది రోగుల కుటుంబాలము కలిసి ఒక యంత్రం కొనుక్కున్నాము. వారిలో నా భార్య ఒకతె. అధ్యక్షుడంటూ ఒకడుంటే పెత్తనం చేస్తాడని భయపడి, కంప్యూటర్ పని చేసే మా బావమరిది మాట విని సంస్థను బ్లాక్‌చెయిన్‌లో, అంటే రాసింది ఎవరూ చెరపలేని కంప్యూటర్ చిట్టాలో, పెట్టాము. "పెద్దా లేడు, చిన్నా లేడు బావా! అందరూ ఫోన్లో ఓటేస్తారు. ఒకసారి రాసిన నియమాన్ని దేవుడొచ్చినా మార్చలేడు" అన్నాడు. అప్పుడు చప్పట్లు కొట్టాము.

2. ఏ తీర్మానానికైనా మొత్తం ఓట్లలో నాలుగింట మూడు వంతులు కావలెను. నొప్పి ఎవరిదో ఓటూ వాళ్ళదే కావాలని మేమే పట్టుబట్టి, రోగులకే ఓటు ఇచ్చాము. రోగులు పోతారన్న సంగతి ఒక్కరికీ తట్టలేదయ్యా! ఒక్కొక్క ఓటుకు పన్నెండు రహస్య పదాలే తాళంచెవి. పోయినవాళ్ళు వాటిని తమతోనే పట్టుకుపోయారు. నేడు బతికున్నది ఆరుగురు. మెజారిటీ చనిపోయినవారిది.

3. తనిఖీకి వచ్చిన అధికారి యంత్రం భేషుగ్గా ఉన్నదని రాసి, "బాధ్యుడి సంతకం ఏదీ?" అన్నారు. బాధ్యుడు లేడనగానే గదికి తాళం వేసి సీలు పెట్టారు. సంస్థలను రిజిస్టర్ చేసే తమ కార్యాలయానికి పరుగెత్తుకు వచ్చాను. "బాధ్యుడు లేకపోతే సంస్థే లేనట్టు. లేనిదాన్ని ఎలా రిజిస్టర్ చెయ్యమంటారు?" అన్నారు గుమాస్తాగారు. మరి లేనిదానికి సీలెలా వేశారండీ అంటే, "అది వేరే డిపార్ట్‌మెంటు" అన్నారు. బాధ్యుణ్ణి ఎన్నుకుందామంటే చచ్చినవాళ్ళు వచ్చి ఓటెయ్యరు కదా!

4. పెద్దాసుపత్రిలో మా వంతు ఇంకా రాలేదు. నా భార్య కాళ్ళు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీస్తోంది. ఆ ఒక్క ఓటైనా మిగలాలని ఆమె పదాలు అడిగాను. "చెప్పానంటే పోతానని ఒప్పుకున్నట్టేగా! చెప్పను ఫో" అని నవ్వింది. ఆ నవ్వు చూసుకునే బతుకుతున్నాను.

కావున బతికున్న ఆరుగురి మాటే సంస్థ మాటగా చెల్లునట్లు ఉత్తర్వు ఇప్పించగలరు. అది కుదరదంటే, మా సంస్థ లేనే లేదని ఒక్క ముక్క రాసివ్వండి. అది చూపించి సీలు తీయమని ఆ డిపార్ట్‌మెంటు వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను.

ఈ గోడు తమరు చిత్తగించి, జాగు చేయక దయచూడవలెను.

తమ విధేయుడు,
తాళాలాయన
(ఒక సభ్యురాలి భర్త)

తా.క.: ఇది ముగించేలోగా ఆమె నన్ను పిలిచి, అడక్కుండానే ఆ పన్నెండు పదాలూ చెప్పడం మొదలుపెట్టింది. నేను చెవులు మూసుకున్నాను. అయ్యా, ఆ తాళం నాకు నిమిషం పని. పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాను. మా యంత్రం నడిపే నర్సమ్మను గది దగ్గరికి రమ్మన్నాను. కేసు ఎవరి మీద పెట్టాలని అడిగితే నా పేరు రాసుకోండి. మా సంస్థకు బాధ్యుడు దొరికాడు.