నిమ్మకాయలవాళ్ల కారు

బుధవారం, ఉదయం
ఈరోజు నుంచి కొత్త జీవితం! ఆదివారం దాకా ఏ పేరు వెనకాల కథనూ ఎవరికీ చెప్పను. మా బాబాయి ధర్మతేజ సిట్రోయెన్ కారు కొన్నాడు. ఆదివారం పూజయ్యాక విశాఖ ప్రయాణం. అప్పటిదాకా నోరు మూసుకుంటే ముందు సీటు నాదే, పదాల పుట్టుక చెప్పే పెద్ద నిఘంటువూ కొనిపెడతాడు. ఒక్క కథ చెప్పినా రెండూ పోతాయి. నాలుగు రోజులు. ఎంతసేపు?

బుధవారం, రాత్రి
కారు ముందు ఆ రెండు వంపు గీతలేమిటని అన్నం దగ్గర నాన్న అడిగారు. కంపెనీ పెట్టినాయన మొదట్లో చేసిన గేరు పళ్ల గుర్తు! చెప్పలేదు. పప్పు మళ్లీ వడ్డించుకున్నాను.

గురువారం
నానమ్మ బుచ్చయ్యపేట నుంచి ఆటోలో గుడ్లు తెచ్చింది. సగం పగిలాయి. దున్నిన పొలంలో తోలినా బుట్టలో గుడ్లు పగలకుండా ఉండాలని ఆ కంపెనీ ఒకప్పుడు ఒక కారు చేయించింది. నాలుక కొరుక్కున్నాను. నిజంగానే. మంట.

శుక్రవారం
దూడకు చెప్పాను. దూడ "ఎవరికీ"లోకి రాదు.
కాలేజీ బస్సులో నా పక్కన కూర్చునే గౌతమి చెవిలో కూడా చెప్పాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఉంది, వినలేదు. కాబట్టి చెప్పినట్టు కాదు.

శనివారం
జ్వరమని పడుకున్నాను. అబద్ధం. నానమ్మ మిరియాల కషాయం పట్టించింది. మిరియాలు! ఇంకో ఫ్రెంచి కార్ల కంపెనీ మిరియాలు పొడి చేసే చేతి మరలు కూడా చేసేది. దుప్పట్లో నాకు నేనే చెప్పుకున్నాను.

ఆదివారం, ఉదయం
పంతులుగారు పూజ ముగించారు. నానమ్మ నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టింది. ముందు సీట్లో నేను. బాబాయి ఇంజను స్టార్ట్ చేశాడు.
"బాబాయ్, ఆగు."
అంతే, మొత్తం బయటికొచ్చేసింది. కంపెనీ పెట్టినాయన ముత్తాత ఆమ్‌స్టర్‌డామ్‌లో పళ్లు అమ్మేవాడు. 'నిమ్మకాయలవాడు' అని ఇంటిపేరు పెట్టుకున్నాడు. కొడుకు దాన్ని కాస్త మార్చి సిట్రోయెన్ చేశాడు. అంటే వాళ్ల డచ్చి భాషలో నిమ్మకాయే.
నానమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఆళ్ల ఇంటిపేరు నిమ్మకాయలోరా? పెద్దోళ్ల పేరు టైరు కింద ఎడతారేట్రా? తీసీండి."
నిమ్మకాయలు కొంగులో వేసుకుని, వంటింట్లోంచి నాలుగు వంకాయలు తెచ్చి పెట్టింది. బాబాయి కారు కదిపాడు. కొత్త టైర్ల నిండా వంకాయ గుజ్జు. పంతులుగారు దక్షిణ తీసుకున్నారు.
బాబాయి నా వైపు తలుపు తీశాడు. "దిగవే గుంటా."
నా సీట్లో నానమ్మ కూర్చుంది. నన్ను ఇంట్లోనే వదిలేసి విశాఖ వెళ్లిపోయారు.

ఆదివారం, మధ్యాహ్నం
బాబాయి ఫోన్. అనకాపల్లి దగ్గర టీ కొట్టులో అందరూ టైర్లకు ఆ వంకాయలేమిటని అడుగుతున్నారట.
"ఆ ముత్తాత ఏ ఊరోడన్నావే?"
"చెప్పను. మాటిచ్చాను కదా."
"సెప్పవే తల్లీ. నీ పుస్తకం తెస్తాన్లే."
స్పీకర్ పెట్టించి మరీ చెప్పాను. గేర్లు, గుడ్లు, మిరియాలు, అన్నీ. ఒకాయన టీ చల్లారిపోయిందట.

ఆదివారం, సాయంత్రం
నిఘంటువు ఒళ్లో ఉంది! వచ్చే వారం ముందు సీటు కావాలంటే మళ్లీ అదే షరతు. రేపటి నుంచి కొత్త జీవితం. ఏ పేరు వెనకాల కథనూ ఎవరికీ చెప్పను.
నానమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. వంకాయకి ఆ పేరు ఎలా వచ్చిందో చూడమంటోంది.
రేపటికి ఇంకా చాలా టైముంది.